ఆట ఖాతా పోతే జవాబు చెప్పాల్సిందెవరు?

చర్లలోనో దుమ్ముగూడెంలోనో ఒక కుర్రాడు "నా ఐడీ పోయింది" అంటే ఇంట్లో మొదట పడేది వాడి వీపు మీద దెబ్బ. రెండోది తల్లికి తగిలే మాట: "ఫోను వాడి చేతికి ఎవరివ్వమన్నారు?" ఆ ఐడీని దాచిన సర్వర్ ఏ దేశంలో ఉంది, దానికి కాపలా ఎవరు, ఆ కాపలా సరిగా ఉందా అన్న ప్రశ్నలు ఆ ఇంటి గడప దాకా రావు. తప్పు పిల్లవాడిది, కాకపోతే తల్లిది. తీర్పు అయిపోతుంది.

ఖమ్మం నుంచి భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్ అడవుల అంచు దాకా ఈ తీర్పే నడుస్తోంది. నగరాల్లోనూ పెద్ద తేడా లేదు. కానీ గత పదిహేనేళ్లలో ఆన్‌లైన్ ఆటల సంస్థల మీద జరిగిన పెద్ద దాడులను వరుసగా పరిశీలిస్తే తప్పు వాటాలు ఇలా పడవు. చొరబడినవాడికి ఒక వాటా ఉంది. జనం వివరాలు, డబ్బు తన దగ్గర పెట్టుకున్న సంస్థకు ఒక వాటా ఉంది. చట్టం చేసే ప్రభుత్వానికి ఒకటి ఉంది. ఆటగాడి వాటా అన్నిటికన్నా చివరిది, చాలాసార్లు అన్నిటికన్నా చిన్నది.

ఇంటికి ఒకే ఫోను

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. కరోనాతో ఆశ్రమ పాఠశాలలు మూతపడి పిల్లలు ఇళ్లకు చేరిన ఆ రోజుల్లో, చదువు ఆగిపోకూడదని అప్పు చేసి ఫోను కొన్న కుటుంబాలు ఏజెన్సీ మండలాల్లో ఉన్నాయి. పాఠాల కోసం వచ్చిన ఆ ఫోనులోకే తర్వాత ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఆటలు వచ్చాయి. ఫోన్‌పే కూడా అందులోనే. ఉపాధి హామీ కూలి పడిందన్న మెసేజ్, తునికాకు డబ్బు, పోడు పట్టా ఉన్నవారికి రైతు భరోసా, అన్నీ అదే సిమ్‌కు ముడిపడ్డాయి. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు, ఒకే ఈమెయిల్, చాలా ఇళ్లలో ఒకే పాస్‌వర్డ్.

అందుకే ఇక్కడ ఆట ఖాతా పోవడం ఆటతో ఆగదు. ఈమెయిల్, పాస్‌వర్డ్ కలిసి బయటికి పొక్కితే దొంగ చేతికి ఇంటి మొత్తానికి దారి దొరికినట్టే. ఆటకూ బ్యాంకుకూ మధ్య గోడ ఎంత పలచనో 2022లో హైదరాబాద్‌లో బయటపడింది. ఫ్రీ ఫైర్ ఆడిన పదహారేళ్ల కుర్రాడి చేతుల మీదుగా తల్లి ఖాతాల్లోంచి 36 లక్షల రూపాయలు వెళ్లిపోయాయని సైబర్ పోలీసులకు ఫిర్యాదు అందింది. అక్కడ ఎవరూ దేన్నీ హ్యాక్ చేయలేదు. ఆటలో కొనుగోలు ఎంత సులువుగా ఉంటుందో, ఆపే ఏర్పాటు ఎంత బలహీనంగా ఉంటుందో మాత్రం తెలిసింది. ఇక అదే దారిలో దొంగ వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సోనీ నేర్పిన పాఠం

ఈ చర్చ ఎప్పుడు వచ్చినా 2011 ఏప్రిల్ దగ్గరికి వెళ్లాల్సిందే. సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి ఎవరో చొరబడ్డారు. ఏప్రిల్ 20న సోనీ సర్వీసును ఆపేసింది. వివరాలు బయటికి పోయాయని ఆటగాళ్లకు చెప్పింది మాత్రం 26న. సుమారు 7.7 కోట్ల ఖాతాల పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, లాగిన్ వివరాలు ప్రమాదంలో పడ్డాయి. మే 1న టోక్యోలో సోనీ ఉన్నతాధికారి కజువో హిరాయ్ సహచరులతో కలిసి తలవంచి క్షమాపణ చెప్పారు. మర్నాడే సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్‌లో మరో 2.46 కోట్ల ఖాతాల సంగతి బయటపడింది. సర్వీసు మళ్లీ తెరుచుకోవడానికి మూడు వారాలకు పైగా పట్టింది.

అప్పట్లో సోనీ వేలు చూపించింది 'అనానిమస్' బృందం వైపు. ఆ పేరుతో ఒక ఫైలు తమ సర్వర్‌లో దొరికిందని చెప్పింది. చోరీ తమ పని కాదని ఆ బృందం పేరుతో ప్రకటన వెలువడింది. దొంగ సంగతి అలా ఉండగానే బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం సంస్థ సంగతి తేల్చింది. సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు నవీకరించి ఉంటే ఈ దాడిని ఆపగలిగేవారని చెబుతూ 2013 జనవరిలో రెండున్నర లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

అమెరికాలో ఆటగాళ్లు వేసిన దావా మరో దారిలో నడిచింది. భద్రత పరిపూర్ణం కాదని సోనీ ముందే నిబంధనల్లో రాసిందంటూ 2012లో జడ్జి చాలా ఆరోపణలను కొట్టేశారు. మిగిలిన కేసు 2014లో కోటిన్నర డాలర్ల విలువైన ఒప్పందంతో ముగిసింది. ఒకే దాడి మీద రెండు దేశాల్లో రెండు చూపులు ఇవి. బ్రిటన్ అధికారి అడిగింది "మీరు చేయాల్సిన పని చేశారా?" అని. అమెరికా జడ్జి చూసింది "వాళ్లు దేనికి ఒప్పుకున్నారు?" అని. ఎవరూ చదవని, చదివినా అర్థం కాని నిబంధనల మీద 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కినందుకు నష్టమంతా ఆటగాడి నెత్తిన పడకూడదు. న్యాయం మొదటి చూపులోనే ఉంది.

చొరబడినవాడి నేరం

హ్యాకర్ నేరస్థుడన్న విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. మన సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఇతరుల పాస్‌వర్డ్ వాడుకుంటే 66సి. నేరం దేశం బయట నుంచి జరిగినా ఇక్కడి కంప్యూటర్‌కు సంబంధం ఉంటే 75వ సెక్షన్ వర్తిస్తుంది.

కానీ దొరికినవారిని చూస్తే కొత్త ప్రశ్న పుడుతుంది. 2014 క్రిస్మస్ రోజున ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ నెట్‌వర్క్‌లను కుప్పకూల్చామని చెప్పుకున్న 'లిజార్డ్ స్క్వాడ్'తో సంబంధం ఉన్న ఫిన్లాండ్ కుర్రాడిని 2015లో అక్కడి కోర్టు వేల కొద్దీ కంప్యూటర్ నేరాల్లో దోషిగా తేల్చి, రెండేళ్ల శిక్షను అమలు చేయకుండా నిలిపింది. అదే వ్యక్తి మానసిక చికిత్స పొందుతున్నవారి రహస్యాలు దొంగిలించి బెదిరించిన మరో కేసులో 2024లో ఆరేళ్ల మూడు నెలల జైలుకు వెళ్లాడు. 2022లో రాక్‌స్టార్ సంస్థ నుంచి జీటీఏ ఆరో భాగం వీడియోలు బయటపెట్టిన 'లాప్సస్' ముఠా కుర్రాడు బెయిల్ మీద ఒక హోటల్ గదిలో ఉంటూ ఆ పని చేశాడు.

పిల్లలని ఊరికే వదిలేస్తే ఇంకా పెద్ద నేరాలకు వెళ్లవచ్చు, జైల్లో పెట్టినంత మాత్రాన తర్వాతి దాడి ఆగదు. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. పదిహేడేళ్ల కుర్రాడు హోటల్ గదిలోంచి ప్రపంచంలోని అతి పెద్ద ఆటల సంస్థల్లో ఒకదాని లోపలికి వెళ్లగలిగాడంటే, అతని తెలివి ఎంతో అడిగిన తర్వాత ఆ సంస్థ కాపలా ఎలాంటిదో కూడా అడగాలి.

ఇదే ప్రశ్న మన రాష్ట్రంలో ప్రభుత్వానికీ ఎదురైంది. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ వివరాలు బయటికి పోయాయి. రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో కొద్ది రోజుల్లోనే ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇరవై ఏళ్ల విద్యార్థిని అరెస్టు చేసింది. పట్టుకున్న వేగం మెచ్చుకోదగ్గది. అయినా కాపలా ఎందుకు బలహీనపడిందన్న ప్రశ్నకు అరెస్టు జవాబు కాదు. ఆ జవాబు యాప్ కట్టినవారు, కట్టించినవారు చెప్పాలి.

లెక్క అప్పజెప్పాల్సినవారు

"మేమూ బాధితులమే, మేం దొంగిలించలేదు కదా" అన్నది హ్యాక్ అయిన ప్రతి సంస్థా చెప్పే మాట. భద్రాచలం ప్రాంతానికి ఈ వాదన ఎందుకు నిలవదో కొత్తగా చెప్పనక్కర్లేదు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న ఖజానా సొమ్మును రాముడి గుడికే ఖర్చు చేశారు తప్ప సొంతానికి ఒక్క కాసు వాడుకోలేదని భక్తులందరూ నమ్ముతారు. అయినా ఖజానా లెక్క గోల్కొండ ఆయన్నే అడిగింది. పరుల సొమ్ము ఎవరి చేతి కింద ఉందో వారే దానికి జవాబుదారీ. ఆ సూత్రం పదిహేడో శతాబ్దంలో ఎంత సహజమో నేడూ అంతే సహజం.

2022 మార్చిలో ఆక్సీ ఇన్ఫినిటీ అనే ఆటకు చెందిన రోనిన్ నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో సొమ్ము పోయింది. ఈ ఆట ఆడి పూట గడుపుకున్నవారు ఫిలిప్పీన్స్‌లో ఎందరో ఉన్నారు. దోచింది ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా అని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. ఒక దేశం అండ ఉన్న ముఠాను ఆటల సంస్థ ఏం ఆపగలదని అనిపించవచ్చు. వివరాల్లోకి వెళ్తే సంగతి వేరు. డబ్బు కదలాలంటే తొమ్మిది తాళం చెవుల్లో ఐదు చాలు. వాటిలో నాలుగు ఒకే సంస్థ దగ్గర ఉన్నాయి. ఐదోది దక్కడానికి కారణం, 2021 నవంబరులో తాత్కాలికంగా ఇచ్చిన ఒక అనుమతిని పని అయిపోయాక రద్దు చేయడం మరిచిపోవడం. దొంగతనం జరిగి ఆరు రోజులైనా సంస్థకు తెలియలేదు. ఒక వాడకందారు తన డబ్బు తీసుకోలేకపోతున్నానని చెబితే తెలిసింది. ఆ తర్వాత ఆ సంస్థ కొత్తగా పెట్టుబడి తెచ్చి ఆటగాళ్లకు తిరిగి చెల్లించే బాధ్యత తీసుకుంది. దొంగ దొరికేదాకా ఆగండని అనలేదు. ఇతర సంస్థలు నేర్చుకోవాల్సింది ఇదే.

సంస్థ చేతిలో లేని లోపాలూ ఉంటాయి, ఒప్పుకోవాలి. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లోపం మొదట జనం కళ్లబడిన చోట్లలో మైన్‌క్రాఫ్ట్ ఆట ఒకటి. ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే లాగ్‌4జేను నిలబెట్టింది కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు. తప్పు వాళ్ల మీద వేయడం అన్యాయం. వాళ్ల శ్రమ మీద కోట్లు సంపాదించే సంస్థలు ఆ పనికి డబ్బు, మనుషులను ఇవ్వలేదన్నది న్యాయమైన ఆరోపణ. ముందు తెలియని లోపానికి సంస్థను శిక్షించనక్కర్లేదు. తెలిశాక సరిచేయడానికి ఎన్నాళ్లు తీసుకుందన్నదే కొలత.

దగ్గరి ఉదాహరణ కావాలంటే ఆటల రంగం దాటి హైదరాబాద్‌కు రావాలి. 2022 జనవరిలో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టారు. ఉద్యోగులకు పంపిన మోసపు ఈమెయిళ్లే వాళ్లకు దారి. నగర పోలీసులు నిందితులను వెతికి అరెస్టు చేస్తూనే, బ్యాంకు భద్రత విషయంలో నిర్లక్ష్యంగా ఉందని బహిరంగంగా చెప్పి, రిజర్వు బ్యాంకు దృష్టికి తీసుకెళ్లారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. దొంగనూ పట్టుకోవాలి, కాపలాదారునూ నిలదీయాలి అన్న రెండు పనులూ ఒకే కేసులో జరిగాయి. ఆటల సంస్థలకు ఈ పద్ధతి ఎందుకు వర్తించకూడదు?

ఆటగాడి వంతు

ఆటగాడికి వాటా అసలే లేదనడం నిజం కాదు. 2020లో నింటెండో సంస్థకు చెందిన సుమారు మూడు లక్షల ఖాతాల్లోకి ఇతరులు ప్రవేశించారు. వేరే చోట పొక్కిన పేర్లు, పాస్‌వర్డులు తెచ్చి ఇక్కడ ప్రయత్నించారని సంస్థ చెప్పింది. ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడినవారు నష్టపోయారు. మన దగ్గర 'ఫ్రీ డైమండ్స్', 'ఫ్రీ యూసీ' అంటూ వాట్సాప్‌లో తిరిగే లింకులు, ప్లేస్టోర్ బయట దొరికే మోడ్ ఏపీకేలు అచ్చంగా ఈ పని కోసమే పుట్టినవి. వాటిలో వివరాలు నింపితే ఆట సంస్థ సర్వర్ ఎంత భద్రంగా ఉన్నా ఉపయోగం లేదు.

అయినా ఇక్కడ ఒక తేడా గమనించాలి. నింటెండో విషయంలో కూడా, పాత లాగిన్ పద్ధతిని ఆ సంస్థే మూసేసింది, రెండో అంచె ధ్రువీకరణ పెట్టుకోమని చెప్పింది. ఆ జాగ్రత్త ముందే తప్పనిసరి చేసి ఉంటే పాత పాస్‌వర్డ్ దొరికినా దొంగకు తలుపు తెరుచుకునేది కాదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు తప్పు చేస్తాడని ఆటల సంస్థలకు బాగా తెలుసు. వాడిని ఎంతసేపు ఆడించాలో, ఎప్పుడు డైమండ్లు కొనిపించాలో అంత నేర్పుగా లెక్కవేయగలిగినవారు, వాడి ఖాతాలోకి అర్ధరాత్రి కొత్త ఊరి నుంచి కొత్త ఫోను లాగిన్ అయితే ఆపడం చేతకాదనడం నమ్మదగ్గది కాదు.

సరిహద్దు, నిషేధం

భద్రాచలం పట్టణం అంచు దాటితే ఎటపాక. 2014లో పోలవరం ముంపు పేరుతో ఎటపాకతో పాటు మరికొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆ పని చేసింది. మధ్యలో మూడేళ్లు, భద్రాచలంలో నేరమైన ఆట ఎటపాకలో నేరం కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆడినవారిని శిక్షించే జోలికి ఈ చట్టం పోలేదు.

నిషేధం అవసరమే. అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్నవారిని రెండు రాష్ట్రాలూ చూశాయి. కానీ దొంగచాటు యాప్‌లో డబ్బు పెట్టి ఖాతా పోగొట్టుకున్నవాడు పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కడానికి భయపడతాడు. తానే దొరికిపోతానేమో అనుకుంటాడు. చిరునామా లేని ఆ యాప్ యజమానికి ఈ భయమే పెద్ద రక్షణ. ఆడినందుకు ఏమీ అనం, పోయినదాని గురించి చెప్పండి అని పోలీసులు ఊరూరా భరోసా ఇవ్వాలి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేస్తే చాలని, నేరం ఏ రాష్ట్రంలో జరిగినా 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత కింద దగ్గరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చని చర్ల సంతలో కూడా తెలియాలి.

చట్టంలో ఖాళీ

బ్యాంకు ఖాతాల విషయంలో మనకు మంచి నమూనా ఉంది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, బ్యాంకు లోపం వల్ల డబ్బు పోతే ఖాతాదారుడి బాధ్యత సున్నా. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుడిదీ కాక మధ్యలో మరెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండదు. ఖాతాదారుడి తప్పని నిరూపించాల్సిన భారం బ్యాంకుదే. అడవి ఊళ్లకు ఆ మూడు రోజులు చాలవు. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం తెలంగాణ సహా పది రాష్ట్రాల్లో తొలి విడత వేసిన 2,343 టవర్లు మొదట 2జీకే పరిమితమయ్యాయి. సిగ్నల్ దొరికినప్పుడు వచ్చే మెసేజ్, అది చదివి చెప్పే మనిషి, మండల కేంద్రంలోని బ్యాంకు దాకా ప్రయాణం, వీటన్నిటికీ వ్యవధి కావాలి. ఆ సవరణ చేస్తే సూత్రం మాత్రం సరైనదే.

ఆటల సంస్థలకు ఇలాంటి నియమం లేదు. సమాచార సాంకేతిక చట్టంలోని 43ఏ సెక్షన్ కింద, పాస్‌వర్డుల వంటి సున్నితమైన వివరాలను నిర్లక్ష్యంగా ఉంచిన సంస్థ నుంచి నష్టపరిహారం అడిగే వీలుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది. వివరాలు పొక్కితే ప్రతి బాధితుడికీ చెప్పాలంది. పద్దెనిమిదేళ్ల లోపువారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. ఇవన్నీ మేలైన అడుగులు. అయితే ఆ జరిమానా కేంద్ర ఖజానాకు వెళ్తుంది, బాధితుడికి రాదు. పైగా ఈ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక పాత 43ఏ సెక్షన్ పోతుంది. నష్టపోయినవాడి చేతిలో ఉన్న ఒక ఆయుధాన్ని తీసేసి, శిక్ష సొమ్ము ప్రభుత్వం ఉంచుకోవడం న్యాయం కాదు.

మిగిలేది వినియోగదారుల కమిషన్. డైమండ్లో స్కిన్లో డబ్బిచ్చి కొన్నవాడు వినియోగదారుడే. ఐదు లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. ఖమ్మంలోని జిల్లా కమిషన్‌ను ఆశ్రయించే వీలుంది. కానీ సంస్థ విదేశంలో ఉంటే నోటీసు అందించడమే ఒక యుద్ధం.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డేటా చట్టం ప్రకారం అనుమతి నోటీసును ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూలు భాషల్లో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది, కోయ భాష లేదు. అర్థం కాని భాషలో అడిగిన అనుమతికి కోయ తల్లి ఇచ్చిన సమ్మతిని నిజమైన సమ్మతిగా ఎలా తీసుకోగలం?

వాటాలు ఇలా పడాలి

శిక్ష చొరబడినవాడికి పడాలి, వయసును బట్టి దిద్దే అవకాశం ఇస్తూ. నష్టం భరించాల్సింది వివరాలు తన దగ్గర పెట్టుకుని లాభపడిన సంస్థ. ఆటగాడి నిర్లక్ష్యమే కారణమని సంస్థ ఆధారాలతో నిరూపిస్తే తప్ప ఆ భారం కిందికి దిగకూడదు. ఇవి జరిగేలా చూడటం ప్రభుత్వం వాటా.

అందుకు నాలుగు పనులు కావాలి. రిజర్వు బ్యాంకు ఆదేశం లాంటి 'సున్నా బాధ్యత' నియమం ఆటల సంస్థలకూ రావాలి. వసూలైన జరిమానాలో బాధితులకు వాటా దక్కాలి. భారతదేశంలో డబ్బు తీసుకునే ప్రతి ఆటల సంస్థకూ ఇక్కడ చిరునామా, నోటీసు అందుకునే మనిషి ఉండాలి. భద్రాచలం ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో రెండో అంచె ధ్రువీకరణ ఎలా పెట్టుకోవాలో, ఐడీ పోతే ఎవరికి చెప్పాలో తెలుగులోనూ కోయలోనూ నేర్పాలి. చివరిది రేపే మొదలుపెట్టవచ్చు, దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

నష్టపోయినవాడికి ముందు అతని సొమ్ము, అతని ఖాతా తిరిగి రావాలి. తప్పెవరిదన్న వాదన ఆ తర్వాత సంస్థ, దొంగ, ప్రభుత్వం తమలో తాము తేల్చుకోవాలి. ఆ వాదన తేలేదాకా ఖర్చు భరించే శక్తి వాళ్లకుంది, తునికాకు కట్టలు కట్టి పొట్ట పోసుకునే ఇంటికి లేదు.